మా నాయనమ్మ పెట్టిన షెర్లీ

నా పేరు షెర్లీ. నేను మగవాణ్ణి. ఈ రెండు మాటలూ వెంట వెంటనే చెప్పుకోవాల్సిన ఖర్మ మా ఊళ్ళో ఎప్పుడూ పట్టలేదు. దుబాయ్ వచ్చాక రోజూ అదే ఖర్మ.

నేను నర్సుని. 2021లో, కరోనా ఇంకా పూర్తిగా తగ్గకముందే, ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. చేరిన కొత్తలో ఒక ఎమిరాతీ ఆవిడకి ఈసీజీ తీయాల్సి వచ్చింది. ఆడ నర్సే కావాలని ఆవిడ భర్త ముందే అడిగాడు. ఆ పూట మాకు పనులు పంచే ఫిలిప్పీన్స్ సిస్టర్‌కి నా ముఖం తెలియదు. షెర్లీ అనే పేరు చూసి, ఇంతకన్నా ఆడ నర్సు ఎవరుంటారనుకుని ఆ గది నాకు అప్పగించింది. నేను మిషను ఉన్న ట్రాలీ తోసుకుంటూ వెళ్ళాను. గుమ్మంలో తెల్లటి కందూరా వేసుకున్న భర్త నిలబడి ఉన్నాడు.

"సిస్టర్ షెర్లీ ఎక్కడ?" అని అడిగాడు.

"నేనేనండి."

ఆయన నా బాడ్జీ చూశాడు. మాస్కు కింది నుంచి తొంగిచూస్తున్న నా గడ్డం చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడినా బాగుండేది. గోడకి చెయ్యి ఆనించి మరీ నవ్వాడు. లోపలున్న భార్యకి అరబీలో ఏదో చెప్పాడు, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ ఆవిడా నవ్వింది. తర్వాత ఫోను తీసి ఎవరికో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో "షెర్లీ, షెర్లీ" అన్నదొక్కటే నాకు అర్థమైంది. ట్రాలీ అక్కడే వదిలేసి, చెవులు కాలిపోతుంటే, ఆడ నర్సుని వెతుక్కుంటూ పోయాను.

సాయంత్రానికి మా అంతస్తులో అందరికీ తెలిసిపోయింది. ఫిలిప్పీన్స్ సిస్టర్ వచ్చి సారీ చెప్పింది, చెబుతూ చెబుతూ తనూ నవ్వేసింది. ఆ రోజు నుంచి తోటివాళ్ళకి నేను "సిస్టర్" అయ్యాను. వాళ్ళు ప్రేమగానే అనేవాళ్ళు. ప్రేమగా అన్నా నాకు ఒళ్ళు మండేది.

అప్పటి నుంచి పేరు దాచుకోవడం నాకు ఇంకో డ్యూటీ అయింది. బాడ్జీ మీద పేరున్న చోట తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించాను. ఎవరైనా అడిగితే గీతలు పడ్డాయని చెప్పేవాణ్ణి. కరోనా వార్డులో ఒళ్ళంతా కప్పుకునే గౌన్లు వేసుకుంటే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి అందరూ గుండెల మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్ళు. నేను ఇంటి పేరు రాసుకునేవాణ్ణి. కొరియర్ అతను ఫోను చేసి "మేడమ్ షెర్లీ ఘర్ పే హై క్యా?" అంటే "హై", ఉంది అనేవాణ్ణి. కిందికి దిగి, ఆ మేడమ్ మొగుణ్ణి అన్నట్టు ముఖం పెట్టి, నా పార్సిల్ నేనే తీసుకునేవాణ్ణి.

ఇది ఒక సిగ్గు. రెండోది మనవాళ్ళ దగ్గర.

వచ్చిన మొదట్లో ఇంటర్నేషనల్ సిటీలో తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. చేరిన రోజు ఒకతను ఉల్లిపాయలు కోస్తూ నా పేరడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. మనవాళ్ళు నవ్వరు, లెక్క వేసుకుంటారు. షెర్లీ అనగానే ఏ చర్చి, ఏ పేట, ఊరికి ఏ పక్కన అన్నదంతా తేలిపోతుంది, ఇంక మీ ఇంటి పేరేంటని అడిగే శ్రమ కూడా అక్కర్లేదు. "ఓహో, ఓకే బ్రదర్" అన్నాడు. ఆ ఓహో ఎంత పొడుగుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత అతను నాతో బాగానే ఉన్నాడు, జ్వరమొస్తే చారు కాచి పెట్టాడు. ఆ ఓహోని మాత్రం నేను మర్చిపోలేకపోయాను. బయటివాళ్ళ ముందు ఆడపేరని, మనవాళ్ళ ముందు పేట పేరని, ఒక్క పేరుకి రెండు సిగ్గులు మోయాల్సి వచ్చింది.

ఈ పేరు మా ఇంటికి ఎలా వచ్చిందో మా పేటలో అందరికీ తెలుసు. గోదావరి పక్క మా టౌనులో ఒకప్పుడు మిషన్ ఆసుపత్రి ఉండేది. దానికి ఇంగ్లాండు నుంచి వచ్చిన ఒక దొర పెద్ద డాక్టరు. ఆయన ఇంటి పేరు షెర్లీ. మా నాయనమ్మ అక్కడ ఆయా. దొర వెళ్ళిపోయాడు, ఆసుపత్రి మూతపడింది, పేరు మాత్రం మా పేటలో ఉండిపోయింది. సైకిళ్ళు బాగుచేసే ఒకాయన షెర్లీ, లారీ నడిపే ఇంకొకాయన షెర్లీ. బుర్ర మీసాలవాళ్ళు. వాళ్ళ మధ్య పెరిగినవాడికి అది ఆడపేరని ఎలా తెలుస్తుంది? ఇంటికి పెద్ద మనవణ్ణని నాకు ఆ పేరు మా నాయనమ్మే పట్టుబట్టి పెట్టించిందట. మా ఇంట్లో ప్రతి తరంలో పెద్ద బిడ్డకి అదే పేరు పెట్టాలని కూడా చెప్పి పోయిందట. గుంటూరులో నర్సింగు చదువుతున్నప్పుడు మొదటి రోజు హాజరు పిలిస్తే, నేనూ ఒక మలయాళీ అమ్మాయీ ఒకేసారి లేచి నిలబడ్డాం. క్లాసంతా నవ్వింది. ఆ రోజు తెలిసింది నాకు.

2023లో నా భార్య నెల తప్పింది. తనూ ఇక్కడే వేరే ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయ్యాక వచ్చింది. స్కాన్‌లో ఆడపిల్లని తెలిసిన రోజు తనే మొదలుపెట్టింది.

"నీకు నప్పలేదు గానీ, దానికి బాగా నప్పుద్ది ఆ పేరు."

"వద్దు."

"మీ నాయనమ్మ పెట్టిన పేరు నీతోనే ఆగిపోద్దా మరి?"

"ఆగిపోనీ."

తను ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు. నేను అప్పటికే ఫోనులో వెతికి ఒక పేరు చూసి పెట్టుకున్నాను. రెండక్షరాలు. ఆ పేరు విని ఏ దేశమో, ఏ దేవుడో, ఏ వీధో ఎవరూ చెప్పలేరు. నా కూతురు రేపు ఏ బడిలో నిలబడినా, ఏ ఉద్యోగంలో చేరినా, పేరు పట్టుకుని దాన్ని ఎవరూ ఏమీ అనలేకుండా ఉండాలి. నాకు కావాల్సింది అంతే.

ఆ రోజుల్లోనే తుంటి ఎముక విరిగి ఒక ఇంగ్లీషు పెద్దాయన మా వార్డుకి వచ్చాడు. కొడుకు ఇక్కడ ఉద్యోగమట, చూడ్డానికి వచ్చి స్నానాలగదిలో జారిపడ్డాడు. ఆపరేషనయ్యాక చాలా రోజులు ఉండిపోయాడు. రోజూ పట్టుకుని నడిపించేవాణ్ణి. ఒకరోజు అలా ఆనుకుని నడుస్తూ నా బాడ్జీ మీది ప్లాస్టరు చూశాడు. అడక్కుండానే గోటితో దాని అంచు లేపాడు. నవ్వు కోసం ఎదురుచూశాను. ఆయన నవ్వలేదు.

"ఇది మా పక్క ఊరు" అన్నాడు.

మంచం మీద కూర్చోబెట్టాక చెప్పుకొచ్చాడు. షెర్లీ అన్నది మొదట ఊరి పేరే. వాళ్ళ దేశంలో ఆ పేరున్న ఊళ్ళు ఇంకా ఉన్నాయట. వాళ్ళ పక్కది మాత్రం చిన్న పల్లె, ఒక చర్చి, ఒక సారా కొట్టు, కొన్ని ఆవులు. పాత ఇంగ్లీషులో దానికి అర్థం అడవి మధ్య చెట్లు కొట్టేసిన, వెలుతురు పడే జాగా. ఇంకో అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు గానీ తనకి ఇదే ఇష్టమన్నాడు. ఆ ఊళ్ళ నుంచి బయటికి పోయినవాళ్ళని ఊరి పేరుతో పిలిస్తే అది ఇంటి పేరైంది. కొన్నాళ్ళకి ఆ ఇంటి పేరునే మగపిల్లలకి పేరుగా పెట్టడం మొదలైంది. ఎప్పుడో ఒక కథలో నాయికకి ఆ పేరు పెట్టారు, అది అందరికీ నచ్చి ఆడపిల్లలకి పెట్టుకున్నారు, ఇక మగవాళ్ళు వదిలేశారు. ఆయన చిన్నప్పుడు వీధికో షెర్లీ ఉండేదట. ఇప్పుడు ఆ పేరు పసిపిల్లలకి ఎవరూ పెట్టడం లేదని, ముసలివాళ్ళలో తప్ప వినబడదని చెప్పాడు.

"మగ షెర్లీని మా తాత చూసి ఉంటాడేమో. నేను చూసింది నిన్నొక్కణ్ణే" అన్నాడు.

నాకు లోపల ఏదో వదులైనట్టు అనిపించింది. మన ఇంటి పేర్లూ సగం ఊళ్ళ పేర్లే కదా అనుకున్నాను. మా ఇంటి పేరు కూడా ఒక ఊరి పేరే. ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు, మా తాతలు అక్కడ పరాయి చేలల్లో కూలికి పోయేవాళ్ళు. దొర ఇంటి పేరు ఒక ఊరు, నా ఇంటి పేరు ఇంకో ఊరు. రెండు ఇంటి పేర్లు మోస్తూ సొంత పేరు లేకుండా తిరుగుతున్నానన్నమాట.

"నీకెలా వచ్చింది ఈ పేరు?" అని అడిగాడు ఆయన.

చెప్పాను. ఎలా చెప్పానో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. "మా నాయనమ్మ చదువులేని మనిషి సర్. మావాళ్ళు అంతే. దొర పేరు వినబడితే చాలు, అర్థం పర్థం చూడకుండా పిల్లలకి తగిలించేసేవాళ్ళు" అన్నాను. అని, నవ్వాను. తెల్లవాళ్ళ ముందు, మనల్ని వేరుగా చూడాలని, మనవాళ్ళ మీద మనం నవ్వే నవ్వు ఒకటుంది. ఆ నవ్వు నాకు ఇంత బాగా వచ్చని అప్పటిదాకా తెలియదు.

ఆయన నాతో కలిసి నవ్వలేదు. నీళ్ళు తాగి గ్లాసు నా చేతికిస్తూ, "ఆవిడ పేరేంటి?" అన్నాడు.

నోరు తెరిచాను. పేరు రాలేదు. మర్చిపోవడానికి నాకు అసలు తెలిస్తే కదా. నా చిన్నప్పుడే పోయింది. పేటలో అందరూ ఆయమ్మ అనేవాళ్ళు, మేము నాయనమ్మ అనేవాళ్ళం. దొర పేరు తెలుసు, దొర ఊరు తెలుసు, ఇప్పుడు ఆ ఊరి అర్థం కూడా తెలుసు. నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి పేరు తెలియదు.

"నాయనమ్మ" అన్నాను.

"నాయనమ్మ" అని జాగ్రత్తగా పలికాడు ఆయన. "చక్కటి పేరు."

అది పేరు కాదని చెప్పలేకపోయాను. గ్లాసు కడిగే నెపంతో బయటికి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళాక నా భార్యని అడిగాను, మీ నాయనమ్మ పేరేంటని. బట్టలు మడతపెడుతున్నది తలెత్తకుండానే చెప్పింది. వాళ్ళ తాతమ్మ పేరు కూడా చెప్పింది. "మీ నాయనమ్మ పేరేంటి?" అంది. కనుక్కోవాలి అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది.

మా మేనత్త కూడా ఇక్కడే ఉంది. షార్జాలో ఒక అరబ్బు ఇంట్లో వంట మనిషి. ఎన్నో ఏళ్ళుగా గల్ఫులోనే. సెలవు దొరికిన శుక్రవారం జెబెల్ అలీలో చర్చికి వస్తుంది. ఆ వారం డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా బస్సెక్కి వెళ్ళాను. ఆరాధన అయ్యాక కాంపౌండులో గోడ నీడన కూర్చున్నాం. కఫీల్, అంటే తన యజమాని, ఇంటి నుంచి డబ్బాలో పెట్టుకొచ్చిన ఖర్జూరాలు నా చేతిలో పోసింది. ఆమెకి మొదట కనబడింది నా మెడలోని బాడ్జీ.

"అదేంట్రా, దానికి దెబ్బ తగిలిందా, పట్టీ ఏసేవ్?"

"గీతలు పడ్డాయత్తా."

ఆమె నమ్మలేదు. నేను ఇంకేదీ మాట్లాడకుండా నాయనమ్మ పేరు అడిగాను. అత్త చుట్టూ చూసింది. పక్కన మన జిల్లావాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్ళు లేచి వెళ్ళేదాకా మాట్లాడలేదు.

"ఇప్పుడెందుకురా ఆ పేరు?"

"తెలుసుకోవాలి."

"అమ్మకి ముందు పుట్టినోళ్ళు పురిట్లోనే పోయేరంట. ఈవిడ పుట్టగానే చేటలో ఎట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టేరు. పక్కింటామె ఎత్తుకొచ్చి, దోసెడు నూకలు తీసుకుని మళ్ళీ తల్లికే అమ్మింది. అలాగ చేస్తే బతుకుద్దని. బతికింది. ఆ కుప్ప పేరే ఎట్టేరు."

అప్పుడు ఆ పేరు చెప్పింది. మెల్లగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"చేలో కామందులు చివర అమ్మ అన్నది కూడా తీసేసి పిలిచేవోరు. ఒట్టి మాట మిగిలేది. పిల్లలం మేం అది ఇంటా ఉండేవోళ్ళం."

"బాప్తిస్మం పేరు లేదా?"

"ఉంది. పాస్టరుగారు ఎట్టేరు. ఎవరు పిలిచేరు దాంతోటి? ఆసుపత్రిలో పన్లో చేరినప్పుడు దొర పేరడిగితే చెప్పలేదంట. ఆయమ్మ అనండి బాబూ, చాలు అందంట. ఆ దొర పోయేదాకా అలాగే పిలిచేడు. పాపం, ఆయనకీ తెల్దు."

"మరి ఆయన పేరు నాకెందుకు పెట్టింది? దొరంటే అంత భక్తా?"

"ఉంది, లేదన్ను. కానీ దానికి కాదు. మంచి పేర్లు ఎట్టుకున్నోళ్ళని కూడా మా ఊళ్ళో సగానికి కోసి, ఒంకర తిప్పి పిలిచేవోరు. షెర్లీ అంటే ఏంటో ఊళ్ళో ఎవడికీ తెల్దు. అర్థం తెలీని పేరెట్టి ఎలాగ తిడతారు, ఎలాగ నవ్వుతారు అనేది. నా మనవణ్ణి పేరెట్టి ఎవడూ ఏటీ అనలేడు అనేది."

నేను ఫోనులో వెతికి పెట్టుకున్న రెండక్షరాల పేరు గుర్తొచ్చింది. నా కూతురి కోసం నేను ఏం కోరుకున్నానో, నా కోసం ఆమె అదే కోరుకుంది. ఆమెకి ఫోను లేదు, ఉన్నదల్లా దొర పేరొక్కటే. దాన్నే తెచ్చి నాకు పెట్టింది. ఆ మనిషి మీద నేను నవ్వి వచ్చాను. తన పేరు బతికినంత కాలం దాచుకున్న మనిషి ఇచ్చిన పేరు మీద ప్లాస్టరు అంటించుకుని, ఆమె కూతురి పక్కనే కూర్చుని ఖర్జూరాలు తింటున్నాను. అక్కడి నుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది.

"ఖలాస్, ఇంకెవరికీ చెప్పకు ఆ పేరు" అంది అత్త, డబ్బా మూత పెడుతూ. "అమ్మకి ఇష్టం ఉండదు."

బస్సులో ప్లాస్టరు పీకేశాను. జిగురు అక్షరాల మీద ఉండిపోయింది, స్పిరిట్ పెట్టి తుడిస్తే గానీ పోలేదు. మర్నాడు పెద్దాయనకి అంతా చెప్పాలనుకున్నాను. వెళ్ళేసరికి ఆయన్ని డిశ్చార్జి చేసేశారు.

పాప పుట్టాక, జనన నమోదు చేసే కౌంటరు దగ్గరికి వెళ్ళాం. నా భార్య చక్రాల కుర్చీలో, పాప తన ఒళ్ళో. కౌంటరులో ఉన్న సిరియా కుర్రాడు కంప్యూటరు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అడిగాడు.

"పాప పేరు?"

నా భార్య నా వైపు చూసింది. తనకి నేను ముందుగా ఏమీ చెప్పలేదు.

"షెర్లీ" అన్నాను.

టైపు చేశాడు. "తండ్రి పేరు?"

"షెర్లీ."

"పాప పేరు రాశాను హబీబీ. తండ్రి పేరు చెప్పు."

"అదే."

అతను అప్పుడు తలెత్తాడు. బాడ్జీ తీసి కౌంటరు అద్దం ముందు పెట్టాను. అతను చదివాడు, పాపని చూశాడు, నన్ను చూశాడు, పెదవులు బిగబట్టుకున్నాడు గానీ ఆగలేదు. నవ్వాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. నా భార్య కుట్లు నొప్పెడుతున్నాయని పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళతో నవ్వింది. నా చెవులు ఎప్పటిలాగే కాలాయి. సిగ్గు పోయిందని అబద్ధం చెప్పను. బాడ్జీ మాత్రం అతను చాలనేదాకా అక్కడే ఉంచాను.

ఇంటికొచ్చాక నా భార్య అడిగింది, నాయనమ్మ పేరు కనుక్కున్నావా అని. తెలిసింది, తర్వాత చెప్తాలే అన్నాను. ఇప్పటికీ చెప్పలేదు. అత్త చెప్పొద్దన్నదని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. చావకుండా బతికిన బిడ్డకి పెట్టిన పేరది, సిగ్గుపడాల్సింది దాన్ని కోసి పిలిచినవాళ్ళు గానీ మేము కాదని నాకు తెలుసు. తెలిసీ నోటిదాకా రాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమె పేరు రాయాల్సిన చోట్లు చాలా వచ్చాయి. ప్రతిచోటా నాయనమ్మ అనే రాశాను.